పదహారు డాలర్ల సరస్సు ఒడ్డు

మిన్నెసోటాలో చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలవగానే మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. నార్త్‌లో ఎక్కడైనా లేక్ ఒడ్డున ఒక క్యాబిన్ తీసుకుంటే ఎలా ఉంటుంది? ముగ్గురు నలుగురం కలిసి తీసుకుంటే? మనం వెళ్ళని వారాల్లో అద్దెకి ఇస్తే ఈఎంఐ గడిచిపోతుందా? రాత్రి పిల్లలు పడుకున్నాక, ఇళ్ళ అమ్మకాలు చూపించే జిల్లో యాప్ తెరుస్తారు. ఇల్లు చూస్తారు, ధర చూస్తారు, ఒడ్డు ఎన్ని అడుగులుందో చూస్తారు, నిట్టూర్చి ఫోన్ పక్కన పెడతారు. ఇక్కడ ఇంటికి ఒక ధర, దాని ముందున్న ఒడ్డుకి ఒక ధర. ఒడ్డు పొడుగు ఎంత ఎక్కువైతే అంత రేటు.

పదెకరాలు, ఆపైన ఉన్న సరస్సులే 11,842 ఉన్న రాష్ట్రం ఇది. నీళ్ళు ప్రజలవే. పడవ దింపుకోవడానికి ప్రభుత్వం కట్టిన ర్యాంపులుంటాయి, చేపలు పట్టుకోవచ్చు, ఈదొచ్చు. కానీ ఒడ్డెక్కి కాసేపు కూర్చుందామంటే చాలా చోట్ల కుదరదు. చుట్టూ వరసగా ఇళ్ళు, ఇంటికో డాక్ (పడవ కట్టుకునే చెక్క వేదిక), డాక్‌కో పొంటూన్ బోటు. అందులో తప్పేమీ లేదు, వాళ్ళు కొనుక్కున్నారు, పన్నులు కడుతున్నారు. హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకైతే ఇది కాస్త మర్యాదగా కూడా అనిపిస్తుంది. మన దగ్గర ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా) అనే మాటలు బడిపిల్లలకి కూడా వచ్చేశాయంటే చెరువు ఒడ్డు ఎవరెవరి చేతుల్లోకి ఎలా పోయిందో వేరే చెప్పక్కర్లేదు. పద్ధతి ఏదైతేనేం, నీళ్ళ పక్కన కూర్చునే హక్కు చివరికి డబ్బున్నవాడి దగ్గరికే చేరుతుందని చాలాకాలం అనుకునేవాణ్ణి.

అలా చేరని చోట్లు కూడా ఉన్నాయి. మిన్నియాపోలిస్ ఊళ్ళో ఉన్న హారియెట్, బడే మకా స్కా లాంటి సరస్సుల చుట్టూ నడకదారులు, పచ్చిక, బెంచీలు అందరివీ. 1883లో పార్కుల బోర్డు ఏర్పడ్డ తర్వాత ఒడ్లని ఊరికోసం సేకరించి పెట్టిన పుణ్యం అది. అదే పనిని పది లక్షల ఎకరాలకి పైగా చేసి చూపించిన చోటు ఇంకోటి ఉంది. ఈ వ్యాసం దాని గురించే. కెనడా సరిహద్దు వెంబడి సుమారు 150 మైళ్ళు పరుచుకున్న బౌండరీ వాటర్స్. సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో భాగం. వెయ్యికి పైగా సరస్సులు, వాటిని కలిపే నదులు, వాగులు, రెండు వేల పైచిలుకు క్యాంప్‌సైట్లు. ఇందులో ఒక్క ఒడ్డున కూడా మీరు ప్లాటు కొనలేరు. మీరే కాదు, ఎవరూ కొనలేరు. పెద్దవాళ్ళకి మనిషికి 16 డాలర్లు, పిల్లలకి అందులో సగం, రిజర్వేషన్‌కి ఇంకో 6 డాలర్లు. ఇది రాత్రికి కాదు, మొత్తం ట్రిప్‌కి. ఈ డబ్బు కట్టి లోపలికి వెళ్తే, బయట లక్షల డాలర్లు పలికే ఒడ్డు లాంటిదాన్లో నాలుగు రోజులు మీ ఇష్టం.

"ఇంత మంచి చోటైతే మనవాళ్ళు ఎందుకు పోతలేరు?" అని అడిగాడు మా గ్రూపులో ఒక తమ్ముడు, వరంగల్ వైపు నుంచి వచ్చినవాడు. రూల్స్ చదివి పంపించాక వాడి జవాబు వాడే రాసుకున్నాడు: "అన్నా, అడవికి పోయేటందుకు గూడ వీసా స్లాటేనా!"

వాడన్నది నిజమే. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్ కావాలి. ఏ ఎంట్రీ పాయింట్ నుంచి, ఏ తేదీన లోపలికి వెళ్తారో ముందే చెప్పాలి. ఒక్కో ఎంట్రీకి రోజుకి ఇన్ని పర్మిట్లే అని లెక్క. జనవరి ఆఖరి బుధవారం ఉదయం బుకింగ్ తెరుస్తారు, పేరున్న ఎంట్రీలకి జూలై, ఆగస్టు శనివారాలు చూస్తుండగానే అయిపోతాయి. గుంపుకి తొమ్మిది మందికి మించకూడదు, నాలుగు పడవలకి మించకూడదు. చాలా సరస్సుల్లో మోటారు పెట్టకూడదు. గాజు సీసాలు, డబ్బాల్లో వచ్చే తిండి, బీరు క్యాన్లు తేకూడదు. క్యాంప్‌సైట్‌లో ఇనప జల్లెడ బిగించిన చోట తప్ప ఇంకెక్కడా మంట వేయకూడదు. పచ్చి చెట్టు ముట్టుకోకూడదు. పర్మిట్ చేతికిచ్చే ముందు నియమాల వీడియో చూడాలి, అర్థమైందో లేదో ప్రశ్నలడుగుతారు.

ఈ చిట్టా వినగానే మనవాళ్ళకి వచ్చే విసుగు నాకు తెలుసు. స్టేట్ పార్కులో గ్రూప్ సైట్ తీసుకుని, నలభై మందిమి వెళ్ళి, ట్రేల్లో బిర్యానీ, స్పీకర్లో పాటలు, పిల్లలకి సైకిళ్ళు, రాత్రి అంత్యాక్షరి. అది నాకూ ఇష్టమే, పిలిస్తే ఈ వేసవిలో కూడా వస్తాను. దానికి తగ్గ చోట్లు ఈ రాష్ట్రంలో కావలసినన్ని ఉన్నాయి, కరెంటు ప్లగ్గుతో సహా. నా వాదన ఒక్కటే. బౌండరీ వాటర్స్‌లో మనకి చిరాకు తెప్పించే ఈ నియమాలే ఆ ఒడ్డుని పదహారు డాలర్లకి అందుబాటులో ఉంచుతున్నాయి. వాటిని కాస్త సడలిస్తే మేలు జరిగేది మనలాంటివాళ్ళకి కాదు.

ఒక దారి వేశారనుకుందాం. దారి పడితే కారొస్తుంది, కారొస్తే ట్రైలర్, ట్రైలర్ మీద పెద్ద బోటు. బోటుకి డాక్ కావాలి, డాక్‌కి ఒడ్డు కావాలి. ఆ ఒడ్డుకి మళ్ళీ ఒక ధర. ఇది ఊహ కాదు, ఇక్కడ ఒకసారి జరిగి వెనక్కి తిప్పిన కథే. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక, ఈ అడవి అంచునున్న ఈలీ ఊరి నుంచి నీళ్ళమీద దిగే విమానాలు జనాన్ని నేరుగా లోపలి సరస్సులకి తీసుకెళ్ళి దింపేవి. అడవి మధ్యలో రిసార్టులు వెలిశాయి. రెండ్రోజులు కష్టపడి తెడ్డు వేసుకుంటూ వచ్చినవాడి నెత్తిమీదుగా, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరినవాడు ఎగిరొచ్చి చేపలు పట్టుకుపోయేవాడు. 1948లో ఆ ప్రైవేటు స్థలాలు, రిసార్టులు కొనడానికి అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 1949 డిసెంబరులో అధ్యక్షుడు ట్రూమన్ ఈ అడవి మీద సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల కంటే కిందుగా విమానాలు ఎగరకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. యుద్ధానికి సంబంధించిన కారణమేదీ లేకుండా, ఒక అడవి ప్రశాంతంగా ఉండాలని ఆకాశానికి హద్దు గీయడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అంతకుముందు 1930లోనే ఇంకో చట్టం వచ్చింది. ఎడ్వర్డ్ బాకస్ అనే కలప, కాగితం వ్యాపారి ఈ సరిహద్దు నీళ్ళమీద వరసగా ఆనకట్టలు కట్టి కరెంటు తీద్దామనుకున్నాడు. ఆనకట్ట కడితే వెనకాల ఏం మునుగుతుందో పోలవరం చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రెయినీ లేక్‌లో ఒక దీవిమీద ఉండే ఎర్నెస్ట్ ఓబర్‌హోల్ట్‌జర్ అనే మనిషి ఏళ్ళ తరబడి దానికి అడ్డం నిలబడ్డాడు. ఆ పోరాటంలోంచి వచ్చిన షిప్‌స్టెడ్-న్యూటన్-నోలన్ చట్టం సహజమైన నీటిమట్టాలు మార్చకూడదంది, ఫెడరల్ భూముల్లో ఒడ్డునుంచి 400 అడుగుల వరకు కలప నరకకూడదంది. చూశారా, బఫర్ జోన్. తొంభై ఏళ్ళు దాటినా ఆ గీత చెరిగిపోలేదు, అదీ తేడా.

1964లో వైల్డర్‌నెస్ చట్టం, 1978 అక్టోబరులో కార్టర్ సంతకంతో ఈ ప్రాంతానికే ప్రత్యేకంగా ఇంకో చట్టం. కలప నరకడం ఆగిపోయింది, మోటార్లు కొన్ని సరస్సులకే పరిమితమయ్యాయి. ఇక్కడ నా వాదనకి బరువైన ఎదురు వాదన ఉంది, దాన్ని దాటేసి పోవడం మర్యాద కాదు. ఈ చట్టాలకి మూల్యం కట్టింది ఈలీ, గ్రాండ్ మరే లాంటి అంచు ఊళ్ళవాళ్ళు. తాత నడిపిన రిసార్టు అమ్ముకోవాల్సి వచ్చినవాళ్ళు, చిన్నప్పటినుంచి మోటారు బోటులో వెళ్ళిన సరస్సుకి ఇప్పుడు పర్మిట్ అడగాల్సి వచ్చినవాళ్ళు. రాబోయే ఆ చట్టం మీద 1977లో ఈలీలో బహిరంగ విచారణ జరిగినప్పుడు, ఆ ఊళ్ళోనే ఉంటూ అడవికోసం రాసిన సిగర్డ్ ఓల్సన్ దిష్టిబొమ్మని ఉరి తీశారు. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. లాభం పొందింది ఎవరంటే, ట్విన్ సిటీస్ (మిన్నియాపోలిస్, సెయింట్ పాల్)లో కంప్యూటర్ ముందు కూర్చుని ఏడాదికోసారి అడవికి వచ్చే నాలాంటివాళ్ళు. ఆ చట్టం సరైందేనని నేను అనుకుంటాను, కానీ అది ఎవరినీ నొప్పించలేదని అంటే నమ్మకండి.

డొరొతీ మోల్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నైఫ్ లేక్‌లో దీవులమీద ఒంటరిగా ఉండేది. నర్సుగా చదువుకున్న మనిషి, దారిన పోయే పడవలవాళ్ళకి ఇంట్లో చేసిన రూట్ బీర్ (పేరుకే బీర్, తియ్యటి సోడా) ఇచ్చేది. స్థలాలు ఖాళీ చేయించే రోజుల్లో ఆమెనీ పంపించాలని చూశారు. జనం ఊరుకోలేదు, బతికున్నన్నాళ్ళూ ఉండనిచ్చారు. 1986 డిసెంబరులో ఆమె అక్కడే పోయింది. తర్వాత ఆమె గుడిసెల్ని ఈలీకి తరలించి మ్యూజియం చేశారు. నియమం గట్టిగానే ఉండాలి, కానీ ఒక ముసలావిడకోసం వంగగలగాలి కూడా. ఆ రెండూ ఒకే చోట జరగడం అరుదు.

ఇంతకంటే పెద్ద లెక్క ఇంకోటి బాకీ ఉంది. ఈ అడవిని చాలామంది మనిషి అడుగు పడని చోటుగా వర్ణిస్తారు. అది ఉత్త మాట. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు ఈ నీళ్ళమీద తరతరాలుగా తిరిగారు, చేపలు పట్టారు, నీళ్ళలో పెరిగే అడవి ధాన్యం మనోమిన్‌ని పడవల్లోంచి దులిపి కోసుకున్నారు. బిర్చ్ బెరడు పడవ వాళ్ళది. మనం ఇప్పుడు పోర్టేజ్ అంటున్న కాలిబాటలు వాళ్ళు వేసినవే. నార్త్ హెగ్‌మన్ లేక్ ఒడ్డున నిటారు బండమీద ఎర్ర రంగుతో గీసిన మనిషి, దుప్పి బొమ్మలు ఇంకా కనిపిస్తాయి. 1854 లా పాయింట్ ఒప్పందంలో భూమి ఇచ్చేసినా వేట, చేపలు, సేకరణ హక్కులు నిలుపుకున్నారు, ఆ హక్కులు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి "ఇది అందరి ఒడ్డు" అని నేనన్నప్పుడు, ఆ అందరిలో మొదటివాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్న ఒడ్డు అని కూడా కలుపుకుని చదవండి.

ఇక పోర్టేజ్. మొత్తం సంగతంతా దాన్లోనే ఉంది కాబట్టి కాస్త నింపాదిగా చెప్తాను.

రెండు సరస్సుల మధ్య నేల ఉంటుంది. పడవ, సామాను అన్నీ మోసుకుని ఆ నేల దాటాలి. దూరాన్ని రాడ్లలో కొలుస్తారు, ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, సుమారు ఒక కనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) పొడుగు. మ్యాపులో 100 రాడ్లు అని ఉంటే అర కిలోమీటరు. వినడానికి ఏముంది అనిపిస్తుంది. కెవ్లార్ అనే తేలికైన నారతో చేసిన కనూ అయితే 42 పౌండ్ల దాకా ఉంటుంది, పాత అల్యూమినియం దైతే డెబ్భై దాటుతుంది. ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అంచు పట్టుకుని పడవని తొడలమీదకి లాక్కోవాలి. అవతలి అంచు అందుకుని ఒక్క ఊపులో నెత్తిమీదకి బోర్లించాలి. మధ్యలో ఉండే కాడి భుజాలమీద కూర్చుంటుంది. ఆ క్షణంనుంచి మీ ప్రపంచం చాలా చిన్నది. ముందు పది అడుగుల బాట, మీ బూట్లు. మీ ఊపిరి మీకే పెద్దగా వినిపిస్తుంది. రెండు చేతులూ అంచులు పట్టుకునే ఉంటాయి కాబట్టి ఆ బోర్లించిన నీడలోకి చేరిన దోమలు నింపాదిగా తమ పని చేసుకుంటాయి. వేళ్ళు, తడి రాళ్ళు, బురదమీద పరిచిన పలకలు. పైకి చూడాలంటే పడవ ముందుభాగాన్ని ఎత్తాలి. ఎత్తినప్పుడల్లా చెట్లే. ఇంకోసారి ఎత్తితే చెట్ల సందుల్లో తెల్లగా నీళ్ళు.

పడవ దించి మళ్ళీ వెనక్కి వెళ్ళాలి, బ్యాగులు తేవాలి. అంటే రెండు విడతల్లో మోసేవాడు అర కిలోమీటరు దారిని మూడుసార్లు నడుస్తాడు. ఒకప్పుడు బొచ్చు వ్యాపారంలో పనిచేసిన వాయజర్లు తొంభై పౌండ్ల మూటలు ఒకేసారి రెండు వీపున వేసుకుని ఇలాంటి దారుల్లో దాదాపు పరిగెత్తేవారట. లేక్ సుపీరియర్ దగ్గరున్న గ్రాండ్ పోర్టేజ్ ఎనిమిదిన్నర మైళ్ళు. వాళ్ళ ముందు మనం చేసేది విహారం.

ఈ మోయడమే అక్కడ కాపలా. గేటు లేదు, టికెట్ చింపేవాడు లేడు. మొదటి పోర్టేజ్ దాటేసరికి కూలర్ బాక్సులు ఉండవు. రెండోది దాటేసరికి కుర్చీలు, స్పీకర్లు ఉండవు. మూడోదాని తర్వాత ఎదురయ్యేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. డబ్బున్నవాడు తేలికైన పడవ అద్దెకి తీసుకోగలడు, నిజమే. కెవ్లార్‌కి అల్యూమినియం కంటే అద్దె ఎక్కువే. కానీ ఆ పడవని మోసిపెట్టే దారి మాత్రం అతనికీ అదే పొడుగు. అవతల దొరికే క్యాంప్‌సైట్ కూడా ముందొచ్చినవాడిదే. ఫలానా సైట్ నాదని బుక్ చేసుకునే వీల్లేదు. సాయంత్రం నాలుగు దాటాక వచ్చి, ఉన్న సైట్లన్నీ నిండిపోతే, సర్జనైనా సరే స్టూడెంటైనా సరే తర్వాతి సరస్సుకి తెడ్డు వేసుకుంటూ పోవాల్సిందే.

మరి మోయలేనివాళ్ళ సంగతి? ఇది న్యాయమైన ప్రశ్న. మా అమ్మానాన్న వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులతో అమ్మ పోర్టేజ్ ఎక్కలేదు. సీగల్, సాబిల్ లాంటి సరస్సుల్లో పోర్టేజ్ లేకుండానే, పడవ దించిన చోటినుంచి నేరుగా వెళ్ళి దిగే సైట్లున్నాయి. కొన్ని సరస్సుల్లో చిన్న మోటార్లకి అనుమతి ఉంది. నాకైతే ఇలాంటి వెసులుబాటు ఇంకొంచెం ఉండాలనిపిస్తుంది, ముఖ్యంగా వికలాంగులకి. కానీ దానికి జవాబు ప్రతి సరస్సుకీ దారి వేయడం కాదు.

తొమ్మిది మంది నియమం మీద మావాళ్ళు ఎక్కువ గొడవ పడతారు. సైట్‌కి వెళ్ళి చూస్తే గొడవ దానంతటదే తగ్గుతుంది. ఒక బండ, పైన్ చెట్ల కింద రెండు మూడు టెంట్లకి సరిపోయే చదును, రాళ్ళమధ్య పొయ్యి, వెనకాల పొదల్లోకి ఒక సన్నని బాట. బాట చివర గోడలు లేవు, కప్పు లేదు, గొయ్యిమీద నిలబెట్టిన ఒక ఫైబర్‌గ్లాస్ పెట్టె, దానికో మూత. అదే బాత్రూమ్. తొలిసారి చూసిన మా బావమరిది ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఆ పెట్టె నలభై మందికి ఎన్నాళ్ళు చాలుతుందో మీరే ఆలోచించండి. బండల మీద మట్టి బెత్తెడు కూడా ఉండదు. ఈలీ దగ్గరి రాళ్ళు రెండు వందల డెబ్భై కోట్ల ఏళ్ళనాటివి, వాటిమీద ఉన్న మట్టి మాత్రం హిమానీనదాలు గీకేసి పోయాక చేరిన పలచటి పొర. ఒకసారి తొక్కి పాడుచేస్తే మన జీవితకాలంలో అది తిరిగి రాదు.

మంట విషయంలోనూ అంతే. 1999 జూలై 4న ఈ అడవిమీదుగా ఒక పెనుగాలి పోయింది, లక్షల ఎకరాల్లో చెట్లు అడ్డంగా పడిపోయాయి. 2007లో హామ్ లేక్ దగ్గర ఒక క్యాంప్‌ఫైర్‌తో మొదలైన కార్చిచ్చు సరిహద్దుకి రెండువైపులా కలిపి డెబ్భై అయిదు వేల ఎకరాలు కాల్చింది. 2011లో పగామీ క్రీక్ దగ్గర పిడుగుతో అంటుకున్నది తొంభై వేల ఎకరాలు దాటింది. పిడుగుని ఆపలేం. క్యాంప్‌ఫైర్‌ని మాత్రం ఒక బకెట్ నీళ్ళు పోసి, కర్రతో కలిపి, బూడిద చల్లబడిందో లేదో వేళ్ళతో చూసి పడుకోవచ్చు. కాలిన చోట్ల జాక్ పైన్ మొలకలు చేతికందే ఎత్తులో ఒత్తుగా లేస్తాయి. ఆ చెట్టు కాయలు చాలావరకు వేడి తగిలితేగానీ విచ్చుకోవు.

తిండి దగ్గరికొద్దాం, లేకపోతే ఇది తెలుగు బ్లాగు ఎలా అవుతుంది. గాజు సీసా నిషేధం అనగానే మనకి మొదట తగిలే దెబ్బ ఆవకాయ. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, మూత చుట్టూ టేప్ వేసి, దాన్ని మళ్ళీ జిప్ కవర్లో పెట్టాలి, లేదంటే స్లీపింగ్ బ్యాగ్ నూనె వాసన ఇంకో రెండేళ్ళు పోదు. అసలు ఈ అడవికోసమే పుట్టిందా అనిపించేది కందిపొడి. బరువుండదు, ఫ్రిజ్ అక్కర్లేదు, పాడవదు, వేడన్నంలో నెయ్యితో కలిపితే పొద్దుటినుంచి మోసిన భుజాలు కుదుటపడతాయి. నేతిని చిన్న డబ్బాలో తీసుకెళ్ళండి. వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, చింతపండు పులుసు ఇంట్లోనే ఉడికించి ముద్దచేసిన పులిహోర గుజ్జు. అమెరికన్లు ఎండబెట్టిన భోజనం ప్యాకెట్‌కి పన్నెండు, పదిహేను డాలర్లు పెడతారు. మన అమ్మమ్మలు ఆ విద్యని తీర్థయాత్రల రోజుల్లోనే పూర్తిచేసేశారు.

ఒక్క ఇబ్బంది ఇంగువ తాళింపు. ఆ వాసన నీళ్ళమీద ఎంత దూరం పోతుందో నేను కొలవలేదు గానీ, ఇక్కడ నల్ల ఎలుగుబంట్లున్నాయి. 2024 నుంచి తిండిని ఎలుగుకి లొంగని డబ్బాలో పెట్టడమో, చెట్టుకి ఎత్తుగా, మానుకి దూరంగా వేలాడదీయడమో తప్పనిసరి చేశారు. చీకటిపడేలోపు తాడుకి రాయి కట్టి కొమ్మమీదుగా విసిరే కార్యక్రమం ఉంటుంది. గల్లీ క్రికెట్‌లో బౌలింగ్ వేశానని గొప్పలు చెప్పుకునేవాళ్ళని ఆ పనికి పెట్టి చూడండి. గిన్నెలు సరస్సులో కడగకూడదు, నీళ్ళు ముంచుకుని ఒడ్డుకి బాగా దూరంగా వెళ్ళి కడగాలి, సబ్బు పేరుకి బయోడిగ్రేడబుల్ అయినా సరే. తాగే నీళ్ళు ఫిల్టర్ చేసో, మరగబెట్టో తాగండి. తేటగా కనిపిస్తే చాలదు, కడుపు పాడుచేసే జియార్డియా అనే సూక్ష్మజీవి కంటికి కనిపించదు.

కష్టం కావాలి అంటున్నాను కాబట్టి ప్రమాదం కూడా అందంగా ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో సరస్సుల్లో, జలపాతాల దగ్గర మన పిల్లలు మునిగిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా బావిలోనో కాలవలోనో నేర్చుకున్న ఈత. మే నెలలో ఇక్కడి నీళ్ళు అప్పుడే మంచు కరిగినవి. అలాంటి నీళ్ళలో పడితే గజఈతగాడికి కూడా ఊపిరి ఆడదు, కాళ్ళూ చేతులూ నిమిషాల్లో మొద్దుబారతాయి. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే పెద్దవాళ్ళ విషయంలో చట్టానికి సరిపోతుంది, ప్రాణానికి సరిపోదు, ఒంటిమీద ఉండాలి. బకిల్స్ పెట్టుకుని ఉండాలి. ఫోటోకోసం విప్పేవాళ్ళని మా గుంపులోకి రానివ్వం. గాలి లేచి తెల్లటి అలలు కనిపిస్తే ఆ రోజు ప్లాన్ రద్దు, ఒడ్డునే కూర్చుని పేకాడుకోవడం. జలపాతం పైన పోర్టేజ్ ఉంటే దానికి బాగా ముందుగానే ఒడ్డు పట్టుకోవాలి. ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎప్పటికి తిరిగొస్తామో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి.

మా నాన్నకి ఇదంతా ఫోన్లో చెప్తే ఆయన అడిగిన ప్రశ్న చాలామంది తండ్రులు అడిగేదే. కరెంటు లేని ఇంట్లోంచి, లాంతరు కింద చదువుకుని, నిన్ను అక్కడిదాకా పంపింది మళ్ళీ కట్టెలపొయ్యి ముందు కూర్చోవడానికారా? దీనికి నా దగ్గర గొప్ప సమాధానమేమీ లేదు. ఆయనకి కట్టెలపొయ్యి తప్పనిసరి, నాకు అది సెలవు. ఆ తేడా ఆయన సంపాదించి పెట్టిందే. కానీ అది ఒప్పుకున్నాక కూడా ఒక మాట మిగులుతుంది. ఆయన చిన్నప్పుడు ఊరి చెరువు గట్టు ఎవరిదీ కాదు. గేదెలు, పిల్లలు, చాకలివాళ్ళు, వలలు, అందరూ అక్కడే. ఇప్పుడు ఆ ఊరికి వెళ్తే గట్టు వెంట చేపల లీజువాళ్ళ కంచె ఉంటుంది. ఆయన పోగొట్టుకున్న హక్కు ఏమిటో, నాకు ఇక్కడ పదహారు డాలర్లకి దొరుకుతున్నది ఏమిటో, రెండూ ఒకటేనని నేనంటాను. ఆయన ఒప్పుకోలేదు. చెరువు దగ్గర పర్మిట్ ఎవడడిగాడని తిరిగి అడిగాడు. అక్కడే చిక్కంతా. ఎవరూ అడగలేదు కాబట్టే పోయింది.

వెళ్దామనుకునేవాళ్ళకి రెండు మాటలు. మే చివర, జూన్‌లో నల్ల ఈగలు, దోమలు మనిషిని ఏడిపిస్తాయి, పిల్లలతో తొలిసారి వెళ్ళేవాళ్ళు ఆ నెలల్ని వదిలేయండి. జూలై చివరినుంచి ఆగస్టు దాకా బండలమీద బ్లూబెర్రీలు. సెప్టెంబరులో దోమలు తగ్గుతాయి, బిర్చ్ ఆకులు పసుపు పడతాయి, పర్మిట్ కూడా తేలిగ్గా దొరుకుతుంది, రాత్రిళ్ళు మాత్రం చలి. అక్టోబర్ 1 నుంచి కోటా లేదు, ఫీజూ లేదు, ఫారం మీరే నింపుకుని వెళ్ళొచ్చు, కానీ అనుభవం లేనివాళ్ళకి ఆ నీళ్ళు వద్దు. రాత్రి లూన్ పక్షి అరుపుకి భయపడకండి. మా పిల్లది మొదటిసారి విని ఎవరో ఏడుస్తున్నారంది, రెండోసారి ఎవరో నవ్వుతున్నారంది. ఆ పక్షికి అరుపులు నాలుగు రకాలు, అందులో రెండు మా పిల్ల వినేసింది.

మా గుంపులో ఈసారి లెక్క పదకొండు మంది తేలింది. ఇద్దరు ఎక్కువ. రెండు పర్మిట్లు తీసుకుని లోపల కలిసిపోదాం అన్నారొకరు. కుదరదు, లోపల నీళ్ళమీద గానీ, పోర్టేజ్‌లో గానీ, సైట్‌లో గానీ తొమ్మిది దాటి ఒకచోట ఉండకూడదు. కాబట్టి రెండు గుంపులు, రెండు ఎంట్రీ పాయింట్లు, బయటికొచ్చాక ఈలీలో పిజ్జా దగ్గర కలవడం. ఎవరు ఎటువైపన్నది ఇంకా తెగలేదు. వంటొచ్చిన ఇద్దరూ ఒకే గుంపులో ఉండకూడదన్న ఒక్క విషయంలో మాత్రం ఓటింగ్ ఏకగ్రీవం.